రోము రచ్చబండ – తిట్టుకూ ఒక తూనిక

రోము నగరం నడిబొడ్డున ఫోరమ్ అనే బహిరంగ స్థలం ఉండేది. కోర్టులు అక్కడే, గుళ్ళు అక్కడే, వడ్డీ వ్యాపారుల బల్లలు అక్కడే. మన పల్లెలకు రచ్చబండ ఎలాగో రోమన్లకు ఫోరమ్ అలాగ. అందులో ఉపన్యాసకులు నిలబడే వేదిక పేరు ‘రోస్ట్రా’. ఆ మాటకు ముక్కులు అని అర్థం. క్రీ.పూ. 338లో ఆంటియం అనే రేవు పట్టణాన్ని ఓడించినప్పుడు, అక్కడి యుద్ధనౌకల ముందు భాగాన ఉండే లోహపు ముక్కులను ఊడదీసి తెచ్చి ఈ వేదికకు బిగించారు. ఎదుటి ఓడను పొడవడానికి చేసిన ముక్కులవి. వాటి మీద నిలబడి రోమన్ నాయకులు దాదాపు మూడు వందల ఏళ్ళు ఒకరినొకరు మాటలతో పొడుచుకున్నారు.

ఎన్నికలు వచ్చాయంటే మన నాయకులు ఏ భాషలోనైనా తిట్టుకునే తీరు చూసి, “పూర్వం ఇలా ఉండేదా?” అని పెద్దలు నిట్టూరుస్తూ ఉంటారు. ఆ పూర్వం ఎంత పూర్వమో చూద్దామని చదవడం మొదలుపెట్టి, నేను రెండు వేల ఏళ్ళు వెనక్కు వెళ్ళాను. అక్కడ ఎదురైనవాడు మార్కస్ టులియస్ సిసెరో. అతని ప్రసంగాలు యాభైకి పైగా నేటికీ మిగిలి ఉన్నాయి. రోమన్లు మనకంటే మర్యాదస్తులేమీ కారని అవి చదివితే తెలుస్తుంది. అయితే తిట్టిన మాటను తూచి చూసే తక్కెడ ఒకటి వారి దగ్గర కొంతకాలం ఉండేది. అది ఎలా పనిచేసింది, ఎలా విరిగింది అన్నదే నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది.

తిట్టడం కూడా ఒక పాఠమే

రోములో పెద్దింటి కుర్రవాడికి వక్తృత్వం ముఖ్యమైన చదువు. పొగడడం ఎలాగో నేర్పిన గురువే నిందించడం ఎలాగో కూడా నేర్పేవాడు. దానికి శీర్షికలు ఉండేవి: వంశం, తండ్రి చేసిన వృత్తి, ముఖం తీరు, వేషం, తిండి, తాగుడు, అప్పులు, యుద్ధంలో పిరికితనం. మన రికార్డు రూములో ఫైళ్ళు సర్దినట్టు, ఎదుటివాణ్ణి ఏ శీర్షిక కింద పట్టుకోవాలో వక్త ముందుగానే చూసుకునేవాడు. నాట్యం చేశాడనడం పెద్ద తిట్టు. పొడుగు చేతుల అంగీ తొడిగాడన్నా, ఒక్క వేలితో తల గోక్కున్నాడన్నా సుకుమారి అని వెక్కిరించినట్టే. క్రీ.పూ. 56లో క్లోడియస్ అనే నాయకుడు పాంపే అంతటి సేనాపతిని ఇలాగే ఏడిపించాడు. ప్రజలను ఆకలితో మాడుస్తున్నది ఎవరని తాను అడగడం, తన మనుషులు ముక్తకంఠంతో పాంపే పేరు అరవడం. నినాదాల రాజకీయం నిన్న మొన్న పుట్టింది కాదు.

సైనికులకు కూడా ఆ చనువు ఉండేది. క్రీ.పూ. 46లో జూలియస్ సీజర్ విజయోత్సవం ఊరేగుతుంటే, సొంత సైనికులే అతని బట్టతల మీద, ఆడవాళ్ళ వ్యవహారాల మీద పాటలు కట్టి పాడుకుంటూ నడిచారు. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలి మీద పాడే ఎకసెక్కాల పాటలు విన్నవారికి ఇది వింతగా తోచదు. ఆ పాటకు ముఖం మాడ్చుకుంటే నవ్వులపాలయ్యేది మనమే.

రోమన్లు ఇంతగా నోటికి పని చెప్పడానికి కారణం వారి న్యాయ విధానంలో ఉంది. అక్కడ ప్రభుత్వం తరఫున కేసు పెట్టే ప్రాసిక్యూటరు లేడు. ఒక అధికారి ప్రజలను దోచుకుంటే, ఎవరో ఒక పౌరుడు ముందుకు వచ్చి, పదిమంది ఎదుట నిలబడి, ఇతడు దొంగ అనాలి. కోర్టు జరిగేది కూడా నాలుగు గోడల మధ్య కాదు. ఫోరమ్‌లోనే, చుట్టూ జనం గుమిగూడి వింటూ ఉండగా. కాబట్టి నింద అనేది అక్కడ నోటి దురుసు మాత్రమే కాదు, లెక్క అడిగే పద్ధతి కూడా.

శనగల ఇంటిపేరు

సిసెరో క్రీ.పూ. 106లో రోముకు సుమారు వంద కిలోమీటర్ల దూరాన, కొండల్లో ఉన్న అర్పినం అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరివారికి రోమన్ పౌరులుగా పూర్తి ఓటు హక్కు వచ్చిందే క్రీ.పూ. 188లో. కలిగిన కుటుంబమే అయినా, అతని వంశంలో అంతకుముందు ఒక్కరూ రోములో పదవి చేయలేదు. అలాంటివాణ్ణి రోమన్లు ‘కొత్త మనిషి’ అనేవారు. అది మెచ్చుకోలు కాదు.

ఇంటిపేరు కూడా నవ్వులాటకు వీలుగా ఉండేది. లాటిన్‌లో ‘సిసెర్’ అంటే శనగ. పూర్వీకుడొకరి ముక్కు చివర శనగగింజ మీద ఉండే గీతలాంటి నొక్కు ఉండేదట, అందుకే ఆ పేరు వచ్చిందని ప్లూటార్క్ రాశాడు. రాజకీయాల్లోకి వస్తున్నావు, ఈ పేరు మార్చుకో అని మిత్రులు చెబితే, గొప్ప వంశాల పేర్లకంటే దీనికే ఎక్కువ పేరు తెస్తానన్నాడట. క్రీ.పూ. 75లో సిసిలీ ద్వీపంలో ఖజానా అధికారిగా ఉన్నప్పుడు దేవుళ్ళకు ఒక వెండి పాత్ర సమర్పించాడు. దాని మీద తన మొదటి రెండు పేర్లు చెక్కించి, మూడో పేరు ఉండవలసిన చోట శనగగింజ బొమ్మ వేయించాడు. ఎదుటివాడు తిట్టకముందే ఆ తిట్టును తానే తీసి మెడలో హారంగా వేసుకున్నాడన్నమాట.

పంది తోక

అదే సిసిలీ అతనికి పేరు తెచ్చింది. క్రీ.పూ. 73 నుంచి 71 వరకు అక్కడ గవర్నరుగా ఉన్న వెర్రెస్ ఆ ద్వీపాన్ని ఊడ్చిపెట్టాడు. ధాన్యం, గుళ్ళలోని విగ్రహాలు, ఇళ్ళలోని వెండి సామాను ఏదీ వదలలేదు. సిసిలీవారు వచ్చి సిసెరోను ఆశ్రయించారు. ఎదురు పక్షాన హార్టెన్షియస్, ఆనాడు రోములో మొదటి వక్త. తీర్పు చెప్పవలసిన జూరర్లందరూ సెనేటర్లే. వెర్రెస్ కూడా సెనేటరే. దొంగ వాళ్ళవాడు, తీర్పు వాళ్ళది.

సాక్ష్యం సేకరించడానికి సిసెరోకు 110 రోజుల గడువు దొరికింది. అతడు 50 రోజుల్లో ద్వీపమంతా తిరిగి వచ్చాడు. అక్కడ చేసిన పని చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. సిరక్యూస్ పట్టణంలో పన్నుల వసూలును వేలంలో పాడుకున్న ఒక కంపెనీ ఉండేది. దాని స్థానిక మేనేజరు కార్పినేషియస్. అతని ఖాతా పుస్తకాల్లో గయస్ వెర్రూషియస్ అనే పేరు మీద పెద్ద పెద్ద మొత్తాలు ఉన్నాయి. ఆ పేరు వచ్చిన ప్రతిచోటా మొదటి నాలుగు అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి, మిగతావి మాత్రం తుడిచి మళ్ళీ రాసి ఉన్నాయి. ఈ వెర్రూషియస్ ఎవరు, వర్తకుడా, రైతా, పశువులు కాచేవాడా అని సిసెరో వాకబు చేశాడు. అలాంటివాడు సిసిలీలో ఎన్నడూ లేడన్నారు అందరూ. వెర్రెస్ పేరునే తుడిచి తోక మార్చారన్నమాట.

కంపెనీ పుస్తకాలను బయటికి తీసుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని సిసెరో వాటికి నకలు రాయించాడు. అక్షరాలతో పాటు మరకలు, తుడుపులు కూడా ఉన్నవి ఉన్నట్టు దించి, పెద్దమనుషుల చేత అసలుతో సరిచూపించాడు. నేను బ్యాంకులో చేరిన రోజుల్లో లెడ్జర్లు చేత్తోనే రాసేవాళ్ళం. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టివేసి పక్కన పొట్టి సంతకం చేయాలి. తుడిచిన చోట ఇన్‌స్పెక్షనుకు వచ్చినవారి వేలు ఆగిపోయేది. రెండు వేల ఏళ్ళ క్రితం ఇంతటి ఇన్‌స్పెక్టరు ఉన్నాడని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు తిట్టు సంగతి. లాటిన్‌లో ‘వెర్రెస్’ అంటే మగపంది. ఆ పేరు మీద సిసిలీలో జనం అప్పటికే హాస్యాలాడుతున్నారు. సిసెరో ఆ నకలును చూపిస్తూ, పేరులో తుడిచిన భాగాన్ని బురదలో కూరుకుపోయిన పంది తోకతో పోల్చాడు. ఎంతటి తిట్టో చూడండి. దాని కింద ఖాతా పుస్తకం ఉంది, నకలు ఉంది, సరిచూసిన సాక్షులు ఉన్నారు. తిట్టు కేవలం ఆ పుస్తకానికి వేసిన అట్ట.

వెర్రెస్ అంతకుముందు ఖజానా అధికారిగా ఉన్నప్పుడు అప్పగించిన లెక్కను కూడా సిసెరో వదలలేదు. వచ్చినది 22,35,417 సెస్టర్సులు. జీతాలు, ధాన్యం వగైరాల కింద ఖర్చు 16,35,417. అరిమినం పట్టణంలో వదిలి వచ్చినది 6,00,000. అంతే, మూడు పద్దులు. కూడికలో తప్పు లేదు. కానీ ఒక్క ఖర్చుకైనా వివరం లేదు. పైగా మిగులు మాత్రం గుండ్రంగా ఆరు లక్షలు. ఆడిటుకు కూర్చున్నవారెవరికైనా ఈ గుండ్రదనమే మొదట కంటికి తగులుతుంది.

హార్టెన్షియస్ పక్షం ఎత్తుగడ వాయిదాలు. వరుసగా ఉత్సవాలు వస్తున్నాయి. కేసు మరుసటి ఏడాదికి జరిగితే అనుకూలమైన అధికారులు వస్తారు. సిసెరో దీర్ఘ ప్రసంగం మానేసి, క్రీ.పూ. 70 ఆగస్టులో చిన్న ఉపన్యాసం చేసి, నేరుగా సాక్షులను నిలబెట్టాడు. సిసిలీవారికి వెర్రెస్ వల్ల జరిగిన నష్టం నాలుగు కోట్ల సెస్టర్సులన్నాడు. విచారణలో ఒకసారి హార్టెన్షియస్, నాకు పొడుపు కథలు అర్థం కావన్నాడట. మీ ఇంట్లో స్ఫింక్స్ ఉందిగా అన్నాడు సిసెరో. స్ఫింక్స్ అంటే గ్రీకు కథల్లో పొడుపు కథలు వేసే వింత జీవి. వెర్రెస్ హార్టెన్షియస్‌కు దంతపు స్ఫింక్స్ బొమ్మ బహుమతిగా ఇచ్చాడు మరి! తీర్పు వచ్చేలోగానే వెర్రెస్ మూటాముల్లె సర్దుకుని మార్సెయ్ నగరానికి వెళ్ళిపోయాడు.

మాట్లాడవలసిన మిగతా ప్రసంగాన్ని సిసెరో ఐదు భాగాలుగా రాసి ప్రకటించాడు. అందులో గేవియస్ అనే రోమన్ పౌరుడి కథ ఉంది. వెర్రెస్ అతణ్ణి విచారణ లేకుండా కొరడాలతో కొట్టించి, ఇటలీ తీరం కనిపించే చోట శిలువ వేయించాడు. దెబ్బ దెబ్బకూ తాను రోమన్ పౌరుణ్ణని అతడు మొరపెట్టుకుంటూనే ఉన్నాడు. పౌరుణ్ణి విచారణ లేకుండా చంపరాదన్నది ఆ ప్రసంగానికి గుండెకాయ. ఈ మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

అద్దెకున్న పౌరుడు

క్రీ.పూ. 63లో సిసెరో కాన్సల్ అయ్యాడు. అది రోములో అత్యున్నత పదవి. అతని చేతిలో ఎన్నిక ఓడినవాడు కాటిలైన్, పాత కులీన వంశస్థుడు. అప్పులు రద్దు చేస్తానని కాటిలైన్ వాగ్దానం. దానికి రోమన్లు వాడే మాట ‘కొత్త ఖాతా పుస్తకాలు’. ఓడిపోయాక అతడు తిరుగుబాటుకు మనుషులను కూడగట్టాడు. నవంబరులో సెనేటు సమావేశానికి కూడా ధైర్యంగా వచ్చి కూర్చున్నాడు. చుట్టూ ఉన్న బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. ఎదుట మనిషి ఉండగానే సిసెరో లేచి, అతని రహస్య సమావేశం ఏ రాత్రి ఎవరి ఇంట్లో జరిగిందో చెబుతూ ఊరు విడిచి పొమ్మన్నాడు.

దానికి కాటిలైన్ ఇచ్చిన జవాబును చరిత్రకారుడు సల్లుస్ట్ రాసిపెట్టాడు. నావంటి వంశస్థుడి మాట కాదని, రోములో అద్దెకున్నవాడి మాట నమ్ముతారా అన్నాడట. ఓటు వేసి, పన్ను కట్టి, దేశానికి కాన్సల్ అయినవాడు కూడా కులీనుడి కంటికి అద్దెవాడే. తాతల కాలం నుంచి ఒకే వీధిలో ఉంటూ, అక్కడి భాష అక్కడివారికంటే బాగా మాట్లాడుతూ, “మీ సొంత ఊరు ఏది?” అన్న ప్రశ్నకు ఇంకా జవాబు చెబుతున్న మన కుటుంబాలకు ఈ తిట్టు బరువు వేరే చెప్పనక్కరలేదు.

కాటిలైన్ ఆ రాత్రే నగరం విడిచాడు. ఊళ్ళో మిగిలిన అతని అనుచరుల్లో ఐదుగురు లేఖలతో సహా దొరికిపోయారు. డిసెంబరు 5న సెనేటు చర్చించింది. వారిని చంపవద్దు, వేర్వేరు పట్టణాల్లో బంధించి ఉంచమని సీజర్ సలహా. మరణశిక్షే సరి అని సభ తీర్మానించింది. అదే రోజు సాయంకాలం సిసెరో వారిని చెరసాలకు పంపి ఉరి తీయించాడు. కోర్టు విచారణ జరగలేదు. ఐదుగురూ రోమన్ పౌరులే.

గేవియస్ కోసం కన్నీరు పెట్టించిన కలం అదే, ఈ ఉత్తరువు ఇచ్చిన నోరూ అదే. రాజ్యానికి ప్రమాదం వచ్చిందన్నాడు సిసెరో, అబద్ధం కాదు. ప్రతి అధికారీ చట్టాన్ని దాటేటప్పుడు చెప్పేది కూడా అదే మాట. తక్కెడ మొదట వంగింది ఆ రోజేనని నా అభిప్రాయం.

తనదాకా వచ్చినప్పుడు

ఫలితం అయిదేళ్ళకే కనిపించింది. క్రీ.పూ. 58లో క్లోడియస్, పౌరులను విచారణ లేకుండా చంపినవారికి దేశబహిష్కారమని చట్టం తెచ్చాడు. సిసెరో ఊరు వదిలి పోయాడు. 35 లక్షల సెస్టర్సులు పెట్టి, చాలావరకు అప్పు చేసి కొన్న అతని ఇంటిని కూలగొట్టారు. ఆ ఇల్లు కొన్న రోజుల్లో, ఇంత అప్పులో మునిగాను, ఎవరైనా చేర్చుకుంటే నేనూ ఏదైనా కుట్రలో చేరిపోతానని మిత్రుడికి హాస్యంగా రాసినవాడు సిసెరో. ఏడాదిన్నర తరువాత తిరిగి వచ్చాడు కానీ, అతని నాలుకకు కొత్త చేదు పట్టింది.

క్రీ.పూ. 56లో ఒక కేసులో క్లోడియస్ సోదరి క్లోడియాను ఎగతాళి చేయడానికి ఆమె పూర్వీకుడు అపియస్ క్లాడియస్‌ను వేదిక మీదికి రప్పించాడు. అంటే ఆ ముసలాయన గొంతుతో తానే మాట్లాడాడు. రోముకు రాదారి, నీటి కాలువ కట్టించిన ఆ పెద్దాయన, నేను ఇవి కట్టింది నీ విలాసాలకా అని మనుమరాలిని నిలదీసినట్టు నటించాడు. ముద్దాయి విడుదలయ్యాడు. క్లోడియా తరఫు మాట ఏదీ మనదాకా రాలేదు. ఇక్కడ ఖాతా పుస్తకం లేదు, నవ్వు మాత్రమే ఉంది.

మరుసటి ఏడు పీసో అనే మాజీ కాన్సల్ మీద పడ్డాడు. తన బహిష్కారాన్ని అడ్డుకోలేదని కోపం. పశువు, బురద మొదలుకొని గుబురు కనుబొమల దాకా అన్నీ ఏకరువు పెట్టాడు. అందులో నాకు ముల్లులా గుచ్చుకున్నది ఒకటి ఉంది. పీసో తల్లి తరఫు తాత గాల్ జాతివాడని, పంట్లాములు తొడిగే చుట్టాలున్నవాడని వెక్కిరించాడు. రోమన్ల దృష్టిలో పంట్లాము అనాగరికుల వేషం. అద్దెవాడన్న తిట్టు తిన్న మనిషే ఎనిమిదేళ్ళలో మరొకరిని పరాయివాడని తిట్టాడు.

నాలుగు కోట్ల అప్పు

క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్ హత్య జరిగింది. అధికారం మార్క్ ఆంటోనీ చేతికి వచ్చింది. సెప్టెంబరు 2 మొదలుకొని మరుసటి ఏప్రిల్ వరకు సిసెరో అతని మీద 14 ప్రసంగాలు చేశాడు. పూర్వం గ్రీసులో డెమోస్తనీస్ ఫిలిప్పు రాజు మీద చేసిన ప్రసంగాల పేరునే వీటికీ పెట్టి ‘ఫిలిప్పిక్కులు’ అన్నారు. అన్నిటికంటే ఘాటైన రెండోది సభలో చెప్పనే లేదు, రాసి ప్రకటించాడు. ఆంటోనీ తాగుడు, రాత్రి తాగినది మరునాడు నిండు సభలో కక్కుకోవడం, నటీమణులతో తిరుగుడు, అన్నీ అందులో ఉన్నాయి.

కానీ ఆ బురద మధ్య పాత సిసెరో కూడా ఉన్నాడు. ఓప్స్ దేవత గుడి ఖజానా పుస్తకాల్లో ఉన్న 70 కోట్ల సెస్టర్సులు ఏమయ్యాయని అడిగాడు. మార్చి 15న నాలుగు కోట్లు అప్పున్నవాడివి, ఏప్రిల్ 1 లోపల ఆ అప్పు ఎలా తీరిందని అడిగాడు. వెర్రెస్ మీద వేసిన మొత్తం కూడా నాలుగు కోట్లే. ప్రశ్న అదే, పదును అదే. తేడా ఒక్కటే. క్రీ.పూ. 70లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పించే కోర్టు ఉంది. 44లో ఉన్నవి సైన్యాలు. తూచేవాడు లేనప్పుడు లెక్క కూడా తిట్టుగానే మిగులుతుంది. తిట్టు తిన్నవాడు కత్తి తీస్తాడు.

క్రీ.పూ. 43 నవంబరులో ఆంటోనీ, ఆక్టేవియన్, లెపిడస్ ముగ్గురూ ఏకమై చంపవలసినవారి జాబితా రాసుకున్నారు. విచారణలు లేవు, పేర్లే. డిసెంబరు 7న ఫార్మియే దగ్గర పల్లకీలో పోతున్న సిసెరోను సైనికులు పట్టుకుని చంపారు. ఆంటోనీ ఆజ్ఞ ప్రకారం అతని తలను, ఆ ప్రసంగాలు రాసిన చేతులను తెచ్చి రోస్ట్రా మీద ప్రదర్శించారు. ఆ హత్యాకాండలోనే వెర్రెస్ కూడా పోయాడు. తన కంచు పాత్రలు ఆంటోనీకి ఇవ్వనన్నందుకు అతని పేరూ జాబితాకెక్కిందని ప్లినీ రాశాడు. దోచినవాడికీ, దోపిడిని లెక్కగట్టినవాడికీ ఒకే చావు రాసిపెట్టింది విచారణ లేని కాలం.

రెండు ఊళ్ళు

సిసెరోను మహాత్ముడని నేను అనను. గొప్పలు చెప్పుకునేవాడు, పగ పట్టేవాడు, తాను పెట్టిన గీతను తానే దాటినవాడు. అయినా అతని మాటల్లో ఒకటి మన సంఘం వారందరూ దాచుకోదగ్గది. చట్టాల గురించి రాసిన గ్రంథంలో, అర్పినంలో తన పుట్టిల్లు చూపిస్తూ మిత్రుడితో అంటాడు: తనవంటి ఊళ్ళ నుంచి వచ్చినవారికి జన్మభూమి ఒకటి, పౌరసత్వం ఇచ్చిన భూమి ఒకటి, రెండు దేశాలుంటాయని. ప్రాణం ఇవ్వవలసి వస్తే రెండోదానికే, కానీ మొదటిదాని మీద మమకారం ఏమీ తగ్గదని. అద్దెవాడన్న తిట్టుకు అంతకంటే మంచి జవాబు నేను చదవలేదు. అందులో ఒక్క తిట్టు కూడా లేదు.

క్రీ.పూ. 30లో సిసెరో కొడుకు కాన్సల్ అయ్యాడు. ఆంటోనీ ఓటమి వార్తను ప్రజలకు చదివి వినిపించే పని అతనికే దక్కిందని, ఆ పత్రాన్ని పూర్వం తండ్రి తల పెట్టిన రోస్ట్రా మీదే అంటించారని అప్పియన్ అనే చరిత్రకారుడు రాశాడు. పగ తీరిందని జనం అనుకుని ఉంటారు. కానీ అప్పటికి రోము ఒక్కడి చేతిలోకి వచ్చింది. తరువాత కూడా రోస్ట్రా ఎక్కి ఎందరో మాట్లాడారు. ఆ ఒక్కడిని మాత్రం, నీ లెక్క చూపించు అని అక్కడి నుంచి అడిగినవారు లేరు.